బండి మీద పొడవాటి సామాను: కట్టే పద్ధతి, నడిపే పద్ధతి

ఒకసారి మోటార్‌సైకిల్ మీద కర్టెన్ కడ్డీ తెచ్చుకుంటున్నాను. పొడవు రెండు మీటర్లు, బరువు కిలో కూడా ఉండదు. బండికి కుడివైపున, ముందునుంచి వెనక్కి ఆనించి, మూడుచోట్ల తాడు కట్టాను. పట్టుకుని ఊపి చూశాను, కదల్లేదు. ధీమాగా బయల్దేరాను. మొదటి మలుపులో హ్యాండిల్ కుడికి తిప్పబోతే పిడి వెళ్లి కడ్డీ కొనకు తగిలి సగంలోనే ఆగిపోయింది. నడక వేగంలో ఉన్నాను కాబట్టి కాలు కిందపెట్టి బయటపడ్డాను.

ముడులన్నీ బాగానే ఉన్నాయి. నిలబడి ఉన్న బండిని చూసి కట్టడమే నేను చేసిన పొరపాటు. నడిచే బండి మలుపులో పక్కకు వంగుతుంది, దాని హ్యాండిల్ తిరుగుతుంది, గుంటలో వెనకభాగం కుంగుతుంది, బ్రేకు వేస్తే బరువంతా ముందుకు తోస్తుంది. కింద చెప్పేదంతా ఈ నాలుగు కదలికలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

మొదట: పొడవు తగ్గుతుందా?

తాడు తీసే ముందు రంపం గురించి ఆలోచించండి. ఆరు మీటర్ల ప్లాస్టిక్ పైపును ఇంటికి తెచ్చాక ఎలాగూ కోస్తారు. కొలతలు ముందే రాసుకుని వెళ్లి, కొన్నచోటే ముక్కలు చేయించండి. పొడుగ్గానే కావాలంటే రెండు మీటర్ల ముక్కలు మూడు తెచ్చి కప్లింగులతో అతికించుకోవచ్చు. బల్లకు కాళ్లు ఊడతాయేమో చూడండి. ఊడదీసిన మరలను జేబులో వేసుకోకండి. చిన్న సంచిలో వేసి ఆ బల్లకే టేపుతో అంటించండి, లేకపోతే ఇంటికి చేరేసరికి ఒకటి తక్కువవుతుంది. తివాచీని చుట్టేముందు ఒకసారి నిలువునా మడిస్తే చుట్ట పొడవు సగానికి వస్తుంది.

కొన్నింటిని బండి మీద పెట్టకపోవడమే మంచిది. అద్దం పలకలు, వెడల్పాటి ప్లైవుడ్, సగం నిండిన పెద్ద డబ్బాలు ఆ జాబితాలో నా మొదటి మూడు. సగం నిండిన డబ్బాలో ద్రవం మలుపు మలుపుకీ అటూ ఇటూ కొట్టుకుని బండిని తనవైపు లాగుతుంది. నిండా నింపి మూత బిగిస్తే ఆ బాధ తక్కువ. పలకల సంగతి గాలి లెక్క చూస్తే తెలుస్తుంది. చదరపు మీటరు వైశాల్యమున్న పలక గాలికి ఎదురుగా ఉంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దాని మీద సుమారు 9 కిలోల బరువంత తోపు పడుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది, అంటే 80 దగ్గర సుమారు 36 కిలోలు. వెనక కూర్చున్న మనిషి రెండు చేతులతో పలకను పట్టుకుని వెళ్లడం తరచూ చూస్తుంటాం. ఆ మనిషి పట్టుకున్నది తెరచాప. ఈదురుగాలి ఒక్కటి విసిరితే దాన్ని వదిలేయాలో, దాంతోపాటు తానూ వెళ్లాలో తేల్చుకునే వ్యవధి ఉండదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఒక్కరే ఎత్తి బండి మీద పెట్టలేకపోతే, దారిలో అది ఒరిగినప్పుడు ఒక్కరే ఆపలేరు. అలాంటి వాటికి నాలుగు చక్రాల బండి మాట్లాడుకోండి.

బండి మోయగలదా?

బండితో ఇచ్చిన పుస్తకంలో గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. ఆ అంకెలో మీ బరువు, వెనక కూర్చునేవారి బరువు, సామాను బరువు అన్నీ కలిసే ఉంటాయి. అది 150 కిలోలు అనుకుందాం. మీరు 70, మీ వెనక ఉన్నవారు 60 అయితే సామానుకు మిగిలేది 20 కిలోలే.

అదే పుస్తకంలో టైర్ల గాలి రెండు రకాలుగా ఇచ్చి ఉంటారు. ఒకటి ఒక్కరే వెళ్లేటప్పటికి, రెండోది బరువుతో వెళ్లేటప్పటికి. బరువు ఉంటే రెండో అంకె ప్రకారం కొట్టించండి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడే. కొంత దూరం నడిచాక వేడికి గాలి ఒత్తిడి పెరిగి కొలత తప్పు చూపిస్తుంది. వెనక షాక్ అబ్జార్బర్లకు మెట్లలాంటి గాట్లు ఉంటే ఒకటి రెండు మెట్లు బిగించండి. ఈ పని చాలామంది చేయరు. చేయకపోతే వెనక కుంగి, హెడ్‌లైటు పైకి లేచి, రాత్రి ఎదురొచ్చేవారి కళ్లలో కొడుతుంది.

సామాను కట్టేటప్పుడు సెంటర్ స్టాండు వేయండి. సైడ్ స్టాండు మీద ఉంటే బండి ఎడమకు ఒరిగి ఉంటుంది కాబట్టి మీరు కట్టినదీ ఒరిగే ఉంటుంది. పైగా కుడివైపు బరువు వేలాడితే, అది స్టాండు ఒరుగును మించి బండిని అవతలికి పడేయవచ్చు. సైడ్ స్టాండు ఒక్కటే ఉంటే ఒకరిని బండి నిటారుగా పట్టుకోమనండి, నేల మెత్తగా ఉంటే స్టాండు కింద చెక్కముక్క పెట్టండి.

బరువు ఎక్కడ కూర్చోవాలి

వీలైనంత కిందికి, వీలైనంత మీ వీపుకు దగ్గరగా. వెనక ఇరుసు దాటి పెట్టిన ప్రతి కిలో తూగుడుబల్ల మీద కూర్చున్నట్టే, ముందుచక్రాన్ని పైకెత్తుతుంది. లెక్క వేసి చూద్దాం. రెండు చక్రాల ఇరుసుల మధ్య 1.3 మీటర్ల దూరమున్న బండికి, వెనక ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనకగా 20 కిలోల సామాను కట్టారు. ముందుచక్రం మీద ఉన్న బరువు సుమారు 6 కిలోలు తగ్గుతుంది, వెనకచక్రం మీద 26 కిలోలు పెరుగుతుంది. ముందుచక్రం తేలికైతే హ్యాండిల్ దూదిలా తిరుగుతుంది, కాస్త వేగం అందుకోగానే బండి పాములా మెలికలు తిరగడం మొదలవుతుంది. అదే 20 కిలోలు సీటు మీద, మీ వెనకే ఉంటే అలాంటి బెడద లేదు.

హ్యాండిల్‌కు ఏదీ తగిలించకండి, చిన్న సంచి అయినా సరే. అది మీ చేతులకు తెలియకుండా హ్యాండిల్‌ను లాగుతూ ఉంటుంది, ఊగి ముందుచక్రంలోనో బ్రేకు తీగలోనో ఇరుక్కుంటుంది. ట్యాంకు మీద పెట్టుకుని పొట్టతో ఆనుకునే అలవాటూ మంచిది కాదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పాలంటే అదే అడ్డం.

పొడవాటివి: వెంబడి, అడ్డంగా, నిలువుగా

బండి వెంబడి కట్టడమే అన్నింటికన్నా మేలు. పైపులు, కర్రలు, సన్నటి పలకలు, మడత నిచ్చెన ఇలా వెళ్తాయి. ముందు కొన హ్యాండిల్ పిడి కన్నా వెనకే ఆగిపోవాలి. కట్టాక ఇంజిను ఆపి ఉంచి, హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పండి. పిడికి, లివర్లకు, మీ వేళ్లకు ఏదీ తగలకూడదు. వేళ్లు అంటున్నాను ఎందుకంటే చేయి తీసేసి తిప్పితే బాగానే తిరుగుతుంది. చేతి తొడుగు వేసుకుని పట్టుకుంటే కణుపులు రాసుకుంటాయి. కాబట్టి ఎక్కి కూర్చుని, దారిలో పట్టుకున్నట్టే పట్టుకుని తిప్పి చూడండి. కాలు బ్రేకు మీదికి, గేరు మీదికి ఇబ్బంది లేకుండా పోతోందో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

ముందు కొన కొంచెం కిందికి, వెనక కొన కొంచెం పైకి ఉండేలా వాలుగా కట్టండి. గుంటలో వెనకభాగం కుంగినప్పుడు తోక నేలకు రాసుకోదు. అయితే ఆ తోక వెనకొచ్చే బండివారి ముఖం ఎత్తున ఉంటే ప్రమాదం. ఎత్తు మార్చలేకపోతే గుడ్డ మందంగా చుట్టి కట్టండి. ముందు కొన మరీ కిందికి దిగినా తంటాయే, బండి అటువైపు వంగిన మలుపులో అది రోడ్డును గీస్తుంది. ఒకరు పట్టుకుంటే బండిని మలుపులో వంగినంత మేర పక్కకు ఒరిగించి చూడవచ్చు. ఫుట్‌రెస్టు కన్నా సామాను కిందికి ఉందంటే మార్చి కట్టుకోవాలి.

ఒకటికి మించి పైపులుంటే ముందు వాటిని కట్టగా చేయండి. అరమీటరుకు ఒకచోట టేపు చుట్టండి. నున్నటి పైపులతో ఒక చిక్కుంది. బయట తాడు ఎంత బిగించినా లోపలి పైపు బ్రేకు వేయగానే బాణంలా ముందుకు జారుతుంది. తాడు పడేచోట కట్ట చుట్టూ పాత ట్యూబు ముక్క చుట్టి దానిమీద బిగించండి, పట్టు వస్తుంది. ముందు కొనలన్నింటినీ మూసేలా ఒక మందపాటి సంచి తొడిగి, దాన్ని వెనక్కి లాగి ఫ్రేముకు కట్టండి. ఇక జారాలన్నా జారలేవు. కట్టను కనీసం రెండుచోట్ల ఆనించాలి, ఆ రెండింటి మధ్య దూరం పొడవులో సగమైనా ఉండాలి. దగ్గర దగ్గరగా రెండు ముడులు వేస్తే కొనలు కుదుపుకు చేపతోకలా కొట్టుకుంటూ ఆ ముడులనే వదులు చేసుకుంటాయి.

అడ్డంగా పెట్టేవాటికి కొలత ఒక్కటే, హ్యాండిల్ వెడల్పు. ఏ సందులో దూరగలమో కంటితో అంచనా వేసేటప్పుడు మన మనసులో ఉండేది హ్యాండిల్ వెడల్పే. దానికన్నా వెడల్పైనది వెనక ఉంటే, మీరు దూరిపోయాక మీ సామాను దూరలేదు. పక్కన నడిచే మనిషి మోచేతికో, ఆగి ఉన్న బండి అద్దానికో తగులుతుంది. మీరు మాత్రం అడ్డం తిరిగి పడతారు.

నిలువుగా కట్టడం చేపల గాలం కర్రల వంటి తేలికైన వాటికి సరిపోతుంది. సీటు ఎత్తు 80 సెంటీమీటర్లు, కర్ర రెండు మీటర్లు అనుకుంటే కొన నేలకు 2.8 మీటర్ల ఎత్తున ఉంటుంది. చెట్ల కొమ్మలు, గేటు కమానులు, కింద వేలాడే తీగలు అన్నీ ఆ ఎత్తులోకి వస్తాయి. లోహపు కర్రయితే నిలువుగా అసలు వద్దు. పొడవాటి కర్రను వీపుకు కట్టుకోవడం కూడా వద్దు. పడితే అది మీ వెన్నుకూ రోడ్డుకూ మధ్య ఉంటుంది.

తాడు, ముడి

కొక్కేలున్న సాగే రబ్బరు తాళ్లు అందరి దగ్గరా ఉంటాయి. సంచి, వానకోటు వంటి తేలికైనవాటికి అవి చాలు. బరువైనదాన్ని వాటితో మాత్రమే కట్టకండి. సాగేది బ్రేకు వేసినప్పుడు కూడా సాగుతుంది, సామాను ముందుకొచ్చి వెనక్కి పోతుంది. అవి కళ్లకూ ప్రమాదమే. బాగా లాగి తగిలించిన కొక్కెం జారితే నేరుగా లాగిన మనిషి ముఖం మీదికే వస్తుంది. తగిలించేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోండి.

నైలాను తాడు గట్టిదే కానీ తడిస్తే ఇంకాస్త సాగి వదులవుతుంది. పాలియెస్టర్ తాడు, దాంతో నేసిన పట్టీ అంత సాగవు. పళ్లతో బిగిసే చిన్న బకిల్ ఉన్న పట్టీ అయితే చేతి బలంతో బిగించి వదిలేయవచ్చు. టకటకమంటూ బిగిసే గేరు పట్టీలు మరీ బలమైనవి, చూస్తుండగానే అట్టపెట్టెను నలిపేస్తాయి, ప్లాస్టిక్ పైపును కోడిగుడ్డు ఆకారానికి తెస్తాయి. నా ఓటు బకిల్ పట్టీకే.

తాడే ఉంటే ఒక్క ముడి నేర్చుకోండి, లారీలవాళ్లు వేసే బిగింపు ముడి. ఒక కొనను సీటు ఎడమవైపు కింద ఫ్రేముకు గట్టిగా కట్టి, తాడును సామాను మీదుగా కుడివైపుకు తెండి. కుడివైపు కమ్మీకి జానెడు పైన తాడును ఒకసారి మెలితిప్పి చిన్న కన్ను చేయండి. ఆ కన్నులోంచి, మిగిలిన కొన వైపు తాడును మడిచి దూర్చి లాగితే ఒక ఉచ్చు నిలబడుతుంది. ఇప్పుడు కొనను కమ్మీ కిందుగా తిప్పి పైకి తెచ్చి, ఉచ్చులో దూర్చి, కిందికి లాగండి. ఉచ్చు కప్పీలా పనిచేస్తుంది. లెక్క ప్రకారం మీ బలానికి మూడింతల బిగింపు రావాలి, తాడు రాపిడికి అంత రాదు కానీ మామూలు ముడితో పోలికే ఉండదు. లాగినది వదలకుండా ఉచ్చు దగ్గర రెండు తాళ్లనూ బొటనవేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో రెండు చుట్టుముడులు వేయండి. విప్పేటప్పుడు ఆ చుట్టుముడులు తీసి కొన లాగితే ఉచ్చు దానంతటదే ఊడిపోతుంది.

కట్టేచోటు విషయంలో నిదానించండి. వెనక పట్టుకునే కమ్మీ, ఫ్రేము గొట్టం, వెనక ఫుట్‌రెస్టు బిగించిన దిమ్మ నమ్మదగినవి. ఇండికేటర్, నంబరు పలక, ప్లాస్టిక్ భాగాలు నమ్మదగినవి కావు. వెనకచక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి చూడ్డానికి గట్టిగా ఉంటుంది, దానికి అస్సలు కట్టకండి. గుంట గుంటకీ అది పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి తాడు ఓసారి వదులై, ఓసారి తెగేంతగా బిగుస్తుంది. సైలెన్సర్‌కు తాడుగానీ సంచిగానీ ఆనకూడదు. నైలాను దారం కరిగి తెగితే మీకు తెలిసేది సామాను రోడ్డు మీద పడ్డాకే.

మిగిలిన తాడు కొనను వేలాడనివ్వకండి. అరమీటరు కొన చైనులోనో చక్రంలోనో చుట్టుకుంటే వెనకచక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. కొనను కట్టుకే చుట్టి దోపేయండి.

అంతా అయ్యాక సామాను పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగితే కట్టు కుదిరినట్టు. బండి కదలకుండా సామాను మాత్రమే ఊగితే విప్పి మళ్లీ కట్టాలి, ఇంకో తాడు పైన వేస్తే సరిపోదు.

ఆకారం లేనివి

గుండ్రటి డ్రమ్ము, బకెట్టు వంటివి సీటు మీద దొర్లుతాయి. మడిచిన గోనెసంచిని కింద వేసి, రెండు తాళ్లను సామాను మీద గుణకారం గుర్తులా కట్టండి. కుర్చీని బోర్లించి, దాని కూర్చునే భాగాన్ని మీ సీటు మీద ఆనిస్తే కాళ్లు పైకి లేస్తాయి. కాళ్ల మధ్య గాలి పోతుంది కనుక అది చూసినంత భయపెట్టదు. నురుగు పరుపును బిగుతుగా చుట్టి నాలుగుచోట్ల కట్టాకే బండి ఎక్కించండి, బండి మీద చుట్టబోతే అది మీ మాట వినదు. మొక్క తెస్తుంటే కుండీని కట్టడంతో సరిపెట్టకండి. ఆకులను పాత గుడ్డతో వదులుగా చుట్టండి, అరగంట ఎదురుగాలికి లేత ఆకులు చిరిగి వడిలిపోతాయి.

వెనకవారికి కనిపించాలి

వెనక దీపం, బ్రేకు దీపం, ఇండికేటర్లు, నంబరు పలక మూసుకుపోకూడదు. ఎంత పొడవు, ఎంత వెడల్పు అనుమతి అనేది దేశానికో రకంగా ఉంటుంది, మీ దగ్గర ఉన్న నియమం చూసుకోండి. 1968లో వియన్నాలో కుదిరిన రహదారి రాకపోకల ఒప్పందం, వాహనానికి ముందుగానీ వెనకగానీ ఒక మీటరు దాటి పొడుచుకొచ్చే సామానుకు తప్పకుండా గుర్తు ఉండాలంటుంది. రాత్రయితే వెనకవైపు ఎర్ర దీపం, ఎర్రగా మెరిసే పలక ఉండాలని కూడా అదే చెబుతుంది. మోటార్‌సైకిల్‌కు మీటరు చాలా ఎక్కువ. ఒక మూర పొడుచుకొచ్చినా కొనకు ఎర్రగుడ్డ కట్టండి. పైపు కొనను వెనకనుంచి చూస్తే చిన్న చుక్కలా కనిపిస్తుంది, అది తనకెంత దగ్గరగా ఉందో వెనకున్నవారు పోల్చుకోలేరు. రాత్రి ప్రయాణం మానుకుంటే ఇంకా మంచిది.

ఎక్కడం, నడపడం

పడటం రోడ్డు మీదే కాదు, బండి ఎక్కుతూ కూడా జరుగుతుంది. అలవాటుగా కాలు వెనకనుంచి తిప్పుతారు, మడమ సామానుకు తగులుతుంది, ఒంటికాలి మీద ఉన్న మనిషి బండితో సహా ఒరిగిపోతాడు. బండి పక్కన నిలబడి, మోకాలు మడిచి, కాలిని సీటు ముందుభాగం మీదుగా అవతలికి దాటించండి. దిగేటప్పుడూ అంతే. ఇంటి గుమ్మం చూడగానే ఈ సంగతి మరిచిపోతారు, నేనూ మరిచిపోయాను.

మొదటి కిలోమీటరు నెమ్మదిగా వెళ్లి ఆగండి. కుదుపులకు సామాను సర్దుకుని తాళ్లు వదులై ఉంటాయి, దాదాపు ప్రతిసారీ. మళ్లీ బిగించి బయల్దేరండి. ఆ కిలోమీటరులోనే ఖాళీ రోడ్డు చూసి ఒకసారి బ్రేకు వేసి, ఆగడానికి ఎంత దూరం పడుతోందో తెలుసుకోండి. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి.

వెనకకు పొడుచుకొచ్చిన తోక మలుపులో మీరు తిరిగేదానికి ఎదురువైపు ఊగుతుంది. ఎడమకు తిరిగితే తోక కాస్త కుడికి వెళ్తుంది. సందుల్లో పూర్తిగా వెనక్కి తిరగాల్సివస్తే దిగి నడిపించుకోవడమే నయం.

పెద్ద లారీ దాటుతుంటే దాని గాలి మొదట మిమ్మల్ని అవతలికి తోసి, తర్వాత తనవైపు లాగుతుంది. వంతెనల మీద, భవనాల వరుస ముగిసేచోట పక్కగాలి ఉన్నట్టుండి తగులుతుంది. ఆ చోట్లు ముందే కనిపిస్తాయి కాబట్టి ముందే వేగం తగ్గించండి. బండి మెలికలు తిరగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయకండి, హ్యాండిల్‌ను బిగబట్టకండి. మోకాళ్లతో ట్యాంకును అదిమి, చేతులు సడలించి, యాక్సిలరేటర్‌ను మెల్లగా తగ్గించండి. వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. ఆగాక బరువును ముందుకు జరిపి కట్టండి. అలాగే వెళ్తే మళ్లీ అదే వేగం దగ్గర మళ్లీ అదే జరుగుతుంది.

దించడం

సెంటర్ స్టాండు వేశాకే ముడి విప్పండి. రెండు పక్కలా బరువుంటే ఒకవైపు మొత్తం దించేయకుండా అటు కొంత, ఇటు కొంత దించండి. సాగే తాళ్ల కొక్కెం విప్పేటప్పుడు చేత్తో పట్టుకునే వదులు చేయండి. సైలెన్సర్ ఇంకా వేడిగానే ఉంటుంది, పైపుల కట్టను ఆవైపు దింపుతూ పిక్క కాల్చుకునేవారు తక్కువేం కాదు. షాకుల మెట్లు, టైర్ల గాలి మళ్లీ మామూలు అంకెకు మార్చండి. ఎర్రగుడ్డను తాడుతోనే చుట్టి సీటు కింద పెట్టుకుంటే వచ్చేసారి వెతుక్కోనక్కర్లేదు.